ఇరవై నిమిషాలు ఆగకుండా

హైదరాబాద్‌లో మైండ్‌స్పేస్ సిగ్నల్ దగ్గర మీ డీజిల్ కారులో ఆగి ఉన్నారు. డాష్‌బోర్డులో ఎప్పుడూ చూడని పసుపు లైటు వెలిగింది. చిన్న డబ్బా బొమ్మ, మధ్యలో చుక్కలు. ముందు స్టాఫ్ బస్సు, పక్కన క్యాబులు, వెనక హారన్లు. ఇప్పుడేం చేయాలి? ఇంజిన్ ఆపేయాలా? సర్వీస్ సెంటర్‌కి ఫోన్ కొట్టాలా? చూడనట్టు ఆఫీసుకి వెళ్ళిపోవాలా?

మూడూ వద్దు. పొగను వడకట్టే ఫిల్టర్‌లో మసి నిండుతోంది, దాన్ని కాల్చుకోవడానికి బండికి కాస్త పరుగు కావాలి. ఆ లైటు చెప్పేది అంతే. బండి ఇంకా పాడవలేదు. ఈ లైటు వెలిగిన రోజు ఎవరికీ పెద్ద బిల్లు రాదు. వెలిగాక వారాల తరబడి అలాగే నడిపినవాళ్ళకి వస్తుంది. కొత్త ఫిల్టర్ వేయాల్సి వస్తే ఖర్చు పదుల వేలల్లో మొదలై, కొన్ని మోడళ్ళకు లక్ష దాటుతుంది. ఆ ఖర్చు రాకుండా చూసుకోవడం పూర్తిగా మీ చేతిలో ఉన్న పని. అదెలాగో ఈ అధ్యాయంలో చూద్దాం.

ముందు మీ బండిలో ఈ ఫిల్టర్ ఉందా? 2020 ఏప్రిల్ 1 తర్వాత తయారైన డీజిల్ కారైతే దాదాపు కచ్చితంగా ఉంటుంది. ఆ రోజు నుంచే దేశమంతా బీఎస్ 6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. బీఎస్ 4 డీజిల్ కారు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల దాకా మసి కణాలు వదలొచ్చు. బీఎస్ 6 కారు 4.5 దాటకూడదు. అంత తగ్గించాలంటే పొగగొట్టంలో ఫిల్టర్ పెట్టక తప్పలేదు. దాన్నే డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్, షెడ్డు భాషలో డీపీఎఫ్ అంటారు. మీది క్రెటా అయినా, ఎక్స్‌యూవీ 700 అయినా, ఇన్నోవా క్రిస్టా అయినా కథ ఒకటే.

లోపల తేనెపట్టులా సన్నని గదులున్న సెరామిక్ దిమ్మ ఉంటుంది. ప్రతి గదికీ ఒక చివర మూసేసి ఉంటుంది కాబట్టి పొగ పక్క గోడలోంచి దూరి బయటపడాలి. గాలి దూరుతుంది, మసి గోడకు అంటుకుపోతుంది. ఆ మసిని బండి తనంతట తానే కాల్చుకుంటుంది. హైవే మీద పొగ బాగా వేడెక్కినప్పుడు మసి కొద్దికొద్దిగా దానంతట అదే కరిగిపోతుంది. అది చాలనప్పుడు కంప్యూటర్ రంగంలోకి దిగి, సిలిండర్లలోకి కాస్త ఎక్కువ డీజిల్ చిమ్మి, ఫిల్టర్‌ని సుమారు 600 డిగ్రీల దాకా వేడెక్కించి మసిని కాల్చేస్తుంది. ఈ అధ్యాయంలో రీజెనరేషన్ అంటే ఈ రెండో పద్ధతే. సాధారణంగా పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలూ బండి ఆగకుండా కదులుతూ ఉండాలి. ఈ అధ్యాయంలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకోవాలనుకుంటే ఇదే గుర్తుపెట్టుకోండి.

మన దగ్గరే ఎందుకిలా అవుతుంది?

నల్లగండ్ల నుంచి మాదాపూర్‌కి రోజూ డీజిల్ కారులో వెళ్ళే ఉద్యోగిని ఒకసారి ఊహించుకోండి. దూరం పది పన్నెండు కిలోమీటర్లే. ఆఫీసు వేళల్లో అయితే ముప్పావుగంట, వాన పడితే ఇంకా ఎక్కువ. గచ్చిబౌలి దాటాక బయోడైవర్సిటీ దగ్గర పాకుడు, ఐకియా దగ్గర ఆగుడు. కొత్తగూడ ఫ్లైఓవర్ వచ్చింది, శిల్పా లేఅవుట్ ఫ్లైఓవర్ వచ్చింది. సిగ్నళ్ళు తగ్గాయి గానీ ఫ్లైఓవర్ దిగిన చోట క్యూ మిగిలే ఉంది. ఐడిల్‌లో ఉన్న డీజిల్ ఇంజిన్ పొగ ఆ మసిని కాల్చేంత వేడెక్కదు. అంటే ముప్పావుగంటసేపు ఫిల్టర్ నిండుతుంది తప్ప ఖాళీ కాదు. ఒకవేళ కంప్యూటర్ రీజెనరేషన్ మొదలుపెట్టినా, ఐదో నిమిషానికి ఈయన ఆఫీసు సెల్లార్‌లోకి దిగి ఇంజిన్ ఆపేస్తారు. సాయంత్రం మళ్ళీ మొదలు, మళ్ళీ సగంలోనే ఆగుడు.

అదే అపార్ట్‌మెంటులో అదే మోడల్ కారున్న క్యాబ్ డ్రైవర్‌ని అడిగి చూడండి. రాత్రిళ్ళు శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులు కొడుతుంటే, "ఆ లైటు నాకెప్పుడూ రాలేదన్నా" అంటాడు. ఆయన బండికి కావలసిన పరుగు ప్రతి రాత్రీ దొరుకుతోంది. రెండు బండ్లలో లోపమేదీ లేదు. తేడా అంతా రోడ్డులోనే ఉంది.

వర్క్ ఫ్రమ్ హోమ్ వాళ్ళ సంగతి ఇంకో రకం. వారమంతా బండి కదలదు. కదిలితే సూపర్ మార్కెట్ దాకా, పిల్లల ట్యూషన్ దాకా. ఇంజిన్ వేడెక్కేలోపే ప్రయాణం అయిపోతుంది. చల్లటి ఇంజిన్‌తో తిరిగే చిన్న ట్రిప్పులకన్నా ఈ ఫిల్టర్‌కి పెద్ద శత్రువు లేదు.

రీజెనరేషన్ జరుగుతోందని ఎలా తెలుస్తుంది?

చాలా బండ్లు దీన్ని డాష్‌బోర్డులో చూపించవు. మీరే గమనించాలి. ఆగి ఉన్నప్పుడు ఆర్‌పీఎం మామూలుగా ఉండే చోట కాకుండా కాస్త పైన నిలబడుతుంది. అప్పటికప్పుడు మైలేజీ చూపించే అంకె పడిపోతుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్‌ని దానంతట అదే ఆపే స్టార్ట్-స్టాప్ ఆరోజు ఆపదు. ఇంజిన్ శబ్దం కొంచెం బరువుగా మారుతుంది. ఏదో వేడి వాసన తగులుతుంది. అన్నిటికన్నా తేలికైన గుర్తు చివర్లో వస్తుంది: బండి ఆపి తాళం తీశాక కూడా రేడియేటర్ ఫ్యాన్ హోరుమంటూ తిరుగుతూనే ఉంటుంది. అలా తిరిగిందంటే మీరు బహుశా రీజెనరేషన్‌ని మధ్యలో ఆపేశారన్నమాట. ఒకసారి అయితే ఏమీ కాదు. రోజూ అదే జరుగుతుంటే పని పెండింగులో పడుతోందని అర్థం.

ఇక చేయవలసినవి చూద్దాం.

1. వారంలో ఒకసారి ఆ ఇరవై నిమిషాలు రాసిపెట్టుకోండి.

మీటింగులకి క్యాలెండర్‌లో చోటిస్తారు కదా, దీనికీ ఇవ్వండి. ఈ విషయంలో హైటెక్ సిటీ వాళ్ళు అదృష్టవంతులు, ఎందుకంటే గడప దాటితే ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. 158 కిలోమీటర్ల ఆ రింగులో 2008లో మొదట తెరిచిన ముక్క గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా, 22 కిలోమీటర్లు. గంటకు 80 వేగంతో నిలకడగా పోతే పదహారు పదిహేడు నిమిషాలు. వెనక్కి తిరిగి వస్తే మరో అంత. ఫిల్టర్‌కి కావలసింది సరిగ్గా అదే. నార్సింగి నుంచి కొల్లూరు మీదుగా పటాన్‌చెరు వైపు వెళ్ళినా దాదాపు అంతే దూరం. టోల్ ఉంటుంది, నిజమే. సర్వీస్ సెంటర్ బిల్లుతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

దీని కోసమే ప్రత్యేకంగా తిరగాలా? అక్కర్లేదు. ఎవరినైనా ఎయిర్‌పోర్ట్‌లో దింపాల్సి ఉంటే ఆ పని మీరే తీసుకోండి. ఆదివారం పొద్దున్నే చిలుకూరు బాలాజీ గుడికి వెళ్ళే అలవాటుందా? అప్పా జంక్షన్‌లో దిగితే ఔటర్ మీద పది నిమిషాలు కూడా గడవదు, అక్కడి నుంచి మామూలు రోడ్డే. కాబట్టి తిరుగు ప్రయాణంలో అప్పా దగ్గర ఔటర్ ఎక్కాక గచ్చిబౌలిలో దిగిపోకుండా కొల్లూరు దాకా పోయి రండి. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఉన్న పీవీ ఎక్స్‌ప్రెస్‌వే చాలదా అని అడుగుతుంటారు. అది 11.6 కిలోమీటర్లు. రీజెనరేషన్ మొదలవడానికి సరిపోతుంది, ముగియడానికి చాలదు.

సంక్రాంతికి విజయవాడ వైపు వెళ్ళే వాళ్ళకి ఒక మాట. పంతంగి టోల్ దాకా క్యూలో పాకడం పరుగు కిందికి రాదు. టోల్ దాటి రోడ్డు ఖాళీ అయ్యాక మొదలయ్యేదే లెక్క. ఏడాదికి రెండు సార్లు ఊరెళ్ళి వస్తున్నాం కదా అని మిగతా నెలలన్నీ వదిలేయకండి.

2. వేగం కన్నా నిలకడ ముఖ్యం.

120 కొట్టాల్సిన పని లేదు. 70, 80 మధ్య ఆగకుండా పోతే చాలు. మాన్యువల్ గేర్లయితే ఆరో గేర్‌లో 1,500 ఆర్‌పీఎంతో సుఖంగా జారిపోకుండా, ఒకటి రెండు గేర్లు తగ్గించి ఆర్‌పీఎం 2,000 పైన ఉంచండి. ఇంజిన్ శ్రమపడితేనే పొగ వేడెక్కుతుంది. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లోనో స్పోర్ట్ మోడ్‌లోనో పెట్టండి. మీ బండి ఓనర్స్ మాన్యువల్ పుస్తకంలో ఇంత వేగం, ఇన్ని నిమిషాలు అని స్పష్టంగా రాసి ఉంటుంది. గ్లవ్ బాక్సులో ప్లాస్టిక్ కవర్ కూడా విప్పని ఆ పుస్తకంలో డీపీఎఫ్ పేజీ ఒక్కటైనా ఈ రాత్రికి చదవండి.

3. ట్యాంకు పావు కన్నా తగ్గనివ్వకండి.

డీజిల్ రిజర్వ్‌కి వస్తే చాలా బండ్లలో కంప్యూటర్ రీజెనరేషన్ మొదలే పెట్టదు. ఐదువందలకి, వెయ్యికి పోయించుకుంటూ ఎప్పుడూ రిజర్వ్ మీదే నడిపేవాళ్ళకి, రోడ్డు ఖాళీగా దొరికినా ఫిల్టర్ శుభ్రం కాకపోవడానికి కారణం ఇదే. అలాగే చెక్ ఇంజిన్ లైటు ముందే వెలిగి ఉంటే ముందు ఆ సంగతి తేల్చుకోండి. పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్‌లోనో ఏదైనా సెన్సర్‌లోనో తప్పుంటే, ఎంత దూరం పరిగెత్తినా కంప్యూటర్ ఒప్పుకోదు.

4. మధ్యలో ఉందని తెలిస్తే ఇంకో చుట్టు తిరగండి.

ఆఫీసు గేటు దగ్గరికి వచ్చేసరికి ఆర్‌పీఎం పైకి ఉంది, మైలేజీ అంకె పడిపోయింది. లాగిన్ టైముకి ఇంకా పావుగంట ఉంది. అప్పుడు సెల్లార్‌లోకి దిగకండి. ఉదయం ఏడున్నర లోపైతే నానక్‌రామ్‌గూడ వైపు ఓ చుట్టు వేసి రావచ్చు. తొమ్మిదిన్నరకైతే ఆ ఆలోచనే పెట్టుకోకండి, ట్రాఫిక్‌లో తిరిగి లాభం లేదు. ఆపేసి, సాయంత్రమో మర్నాడో ఔటర్ ఎక్కండి.

5. ఇంజిన్ ఆయిల్ మీద రెండు కళ్ళూ ఉంచండి.

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు నష్టం ఇక్కడ నిశ్శబ్దంగా జరుగుతుంది. రీజెనరేషన్ కోసం అదనంగా చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. పరుగు పూర్తయితే వేడికి అందులో కొంత ఆవిరైపోతుంది. మళ్ళీ మళ్ళీ సగంలో ఆగిపోతుంటే డీజిల్ పేరుకుని ఆయిల్ పల్చబడుతుంది. ఇంజిన్ ఆయిల్ తగ్గడమే మనకి తెలిసిన జబ్బు. ఇక్కడ పెరుగుతుంది! నెలకోసారి, చదునైన చోట, ఇంజిన్ చల్లారాక డిప్‌స్టిక్ తీసి చూడండి. పై గీత దాటిందా? డీజిల్ వాసన వస్తోందా? అయితే సర్వీస్ తేదీ దాకా ఆగకుండా ఆయిల్ మార్పించండి. పల్చని ఆయిల్‌తో బేరింగులు అరిగితే దాని ముందు ఫిల్టర్ ఖర్చు చిన్నదైపోతుంది.

మార్పించేటప్పుడు ఏ ఆయిల్ పోస్తున్నారో అడగండి. డీపీఎఫ్ ఉన్న బండికి బూడిద తక్కువ వచ్చే ఆయిల్ కావాలి. లో యాష్, లో శాప్స్ అని, ఏసీఈఏ సీ2, సీ3 అని డబ్బా మీద రాసి ఉంటుంది. మీ పుస్తకంలో ఏ గ్రేడ్ ఉందో అదే. తెలిసిన మెకానిక్ పాత బండ్లకి పోసే ఆయిలే దీనికీ పోస్తే, దాని రసాయనాలు కాలి బూడిదగా ఫిల్టర్‌లో మిగులుతాయి. మసి కాలిపోతుంది, బూడిద ఏ వేడికీ పోదు. ఎంత బాగా నడిపినా లక్షల కిలోమీటర్ల మీద కొంత బూడిద ఎలాగూ చేరుతుంది, అప్పుడు ఫిల్టర్ ఊడదీసి ప్రత్యేక యంత్రంతో శుభ్రం చేయించాలి. తప్పు ఆయిల్ ఆ రోజును ముందుకు లాక్కొస్తుంది.

6. ఎండుగడ్డి మీద ఆపకండి.

గోపన్‌పల్లి, తెల్లాపూర్ వైపు ఖాళీ ప్లాట్లలో బండి పెడుతుంటారు కదా. రీజెనరేషన్ నడుస్తున్నప్పుడు గానీ, అప్పుడే ముగిసినప్పుడు గానీ పొగగొట్టం విపరీతమైన వేడి మీద ఉంటుంది. ఎండాకాలంలో కింద ఎండుగడ్డి ఉంటే అంటుకుంటుంది. సిమెంటు నేల చూసుకోండి.

జనం ఎక్కువగా చేసే పొరపాట్లు

న్యూట్రల్‌లో పెట్టి సెల్లార్‌లో యాక్సిలరేటర్ తొక్కుతూ కూర్చోవడం మొదటిది. లోడు లేని ఇంజిన్ ఎంత అరిచినా పొగ తగినంత వేడెక్కదు. పైగా మూసిన సెల్లార్‌లో ఆ పొగ పీల్చడం ప్రాణానికే ప్రమాదం. కొన్ని బండ్లలో, ముఖ్యంగా బస్సులు, టెంపో ట్రావెలర్లలో, నిలబెట్టి రీజెనరేషన్ చేసే స్విచ్ ఉంటుంది. అది వేరు. దాన్ని ఖాళీ ఆరుబయట, పుస్తకంలో చెప్పిన పద్ధతిలో వాడాలి. స్టాఫ్ బస్సు నడిపే అన్నలూ, ఆ స్విచ్ లైటు అడిగినప్పుడు "తర్వాత చూద్దాం" అని వాయిదా వేయకండి. షిఫ్టు దిగాక, జనం లేని చోట ఆ అరగంట ఇచ్చేయండి.

ఏసీ వేసుకుని డీఎల్ఎఫ్ గేటు దగ్గర గంటసేపు ఇంజిన్ ఆన్‌లో పెట్టడం రెండోది. మే నెల ఎండలో డ్రైవర్ కష్టం నాకు తెలుసు. నీడ, మంచినీళ్ళు, కూర్చునే చోటు కంపెనీలు చూపిస్తే ఆ గంట ఐడ్లింగ్ తప్పుతుంది. ఫెసిలిటీస్ టీమ్‌లో ఉన్నవాళ్ళు ఈ పేజీ చదువుతుంటే, మీరు చేయగలిగిన పని ఇది.

యాడ్‌బ్లూ పోయిస్తే మసి పోతుందనుకోవడం ఇంకో పొరపాటు. డెఫ్ అని కూడా పిలిచే ఆ ద్రవం పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లని తగ్గించడానికి, దానికి విడిగా ట్యాంకు ఉంటుంది. పొరపాటున డీజిల్ ట్యాంకులో పోస్తే ఇంజిన్ స్టార్ట్ చేయకండి, టోయింగ్‌కి ఫోన్ చేయండి.

ఇక పసుపు లైటు పక్కన చెక్ ఇంజిన్ కూడా వెలిగిందనుకోండి, లేదా లైటు మెరుస్తోంది, పికప్ పడిపోయింది. అప్పుడు ఔటర్ ఎక్కి తేల్చేద్దామనుకోకండి. మసి హద్దు దాటి నిండినప్పుడు ఒక్కసారిగా కాలితే సెరామిక్ దిమ్మ పగలొచ్చు, కరగొచ్చు. మెల్లగా సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళండి. వాళ్ళు స్కానర్ పెట్టి, కొలతలు చూసుకుంటూ కాలుస్తారు. అక్కడ "సార్, బండి ఎక్కువ సిటీలోనే తిరుగుతుందా?" అని అడుగుతారు. నిజం చెప్పండి. మీరు కూడా ఒకటి అడగండి: మసి ఎంత శాతం నిండింది, ముందు ఎంత ఉంది, తర్వాత ఎంతకి తగ్గింది, కాగితం మీద రాసివ్వమనండి.

"తీసేద్దాం సార్, గొడవ వదిలిపోద్ది"

ఈ మాట ఏదో ఒక షెడ్డులో మీకు తప్పక వినపడుతుంది. లోపలి దిమ్మ పగలగొట్టి తీసేసి, కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చేస్తే లైటు రాదు, పికప్ కూడా బాగుంటుందని చెబుతారు. దయచేసి ఒప్పుకోకండి.

కంపెనీ ఇచ్చిన బండిని ఇలా మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధం. కాలుష్య ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద మొదటిసారే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. లైసెన్సు కూడా మూడు నెలలు పోతుంది. వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే. చట్టం పక్కన పెట్టినా, ఆ పొగ ఎవరు పీలుస్తారో ఆలోచించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే డీజిల్ పొగని మనుషులకి క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. సైబర్ టవర్స్ సిగ్నల్ దగ్గర మీ వెనకే స్కూటర్ మీద డెలివరీ కుర్రాడుంటాడు. ఎనిమిది గంటలు అక్కడే నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుల్ ఉంటారు. పక్కనే ఇడ్లీ బండి నడిపే అమ్మ ఉంటుంది. మీకు ఏసీ ఉంది, అద్దాలు మూసుకుంటారు. వాళ్ళకి ఆ దిమ్మే అడ్డు.

ఇదంతా చదివాక మీకో సందేహం రావాలి: అసలు నాకు డీజిల్ బండి అవసరమా?

నిజాయితీగా లెక్క వేసుకోండి. నెలలో ఎన్నిసార్లు యాభై కిలోమీటర్లకి పైగా ఆగకుండా వెళతారు? వరంగల్‌లో అమ్మానాన్నలుండి పదిహేను రోజులకోసారి వెళ్ళొస్తుంటే డీజిల్ మీకు బాగా పనికొస్తుంది, ఈ లైటు మీకు బహుశా కనిపించదు. కొండాపూర్ నుంచి మాదాపూర్, మాదాపూర్ నుంచి కొండాపూర్, అంతే అయితే పెట్రోలో, హైబ్రిడ్డో, ఎలక్ట్రికో చూసుకోండి. లీటరు దగ్గర మిగిలే రూపాయలు మీ తిరుగుడుకి ఎప్పటికీ లాభంగా మారవు.

సెకండ్ హ్యాండ్ డీజిల్ కొనే ఆలోచన ఉంటే మాత్రం, ఓనర్ ఐటీ ఉద్యోగి, సింగిల్ హ్యాండ్, తక్కువ తిరిగింది అనగానే సంబరపడకండి. ఈ ఫిల్టర్ విషయంలో తక్కువ తిరిగిన సిటీ బండి కన్నా ఎక్కువ తిరిగిన హైవే బండే మేలు. పొగగొట్టం లోపల వేలు పెట్టి తుడవండి. ఫిల్టర్ సక్రమంగా ఉంటే పెద్దగా మసి అంటదు. చిక్కగా నల్లగా అంటిందంటే దిమ్మ పగిలిందో, తీసేశారో అనుమానించాలి. డిప్‌స్టిక్ చూడండి. స్కానర్ పెట్టించి మసి శాతం, చివరి రీజెనరేషన్ తర్వాత ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపించమనండి. టెస్ట్ డ్రైవ్ కాలనీలో రెండు వీధులు తిరిగితే సరిపోదు, ఔటర్ ఎక్కించి అరగంట నడపండి. దిగాక మళ్ళీ ఒకసారి స్కానర్ పెట్టించి, మసి శాతం తగ్గిందో కనీసం పెరగకుండా ఉందో చూసుకున్నాకే అడ్వాన్స్ చేతిలో పెట్టండి.